గహ్వా, గుండె, భీమవరం

ఈ మధ్య ఖోబర్‌లో ఒక పెద్దాయనకు గుండె పరీక్ష వాయిదా వేయవలసి వచ్చింది. కారణం గహ్వా. ఏలకుల పరిమళంతో, ఖర్జూరాలతో కొడుకు అందించిన ఆ అరబ్బీ కాఫీని ఆయన కాదనలేకపోయారట. కాఫీకీ గుండెకీ ఏమిటి సంబంధమని ఆయన కోపం. ఆ సమయంలో నేను యల్లాప్రగడ సుబ్బారావు జీవితచరిత్ర చదువుతున్నాను. సమాధానం కొంత అందులోనే ఉంది.

విశ్రాంతిలో శరీరం మొత్తం మీద రక్తంలోని ప్రాణవాయువులో నాలుగోవంతే ఖర్చవుతుంది. గుండె కండరం మాత్రం అప్పుడే 70 శాతం దాకా పిండుకుంటుంది. శ్రమ పెరిగితే ఇంకా పిండుకోవడానికి మిగిలేది స్వల్పం. రక్తమే ఎక్కువ రావాలి. నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ప్రవాహం నాలుగైదు రెట్లు కావాలి. పైగా ముడుచుకున్నప్పుడు గుండె తన నాళాలను తానే నొక్కేసుకుంటుంది గనుక, ఎడమ జఠరికకు రక్తం ముఖ్యంగా అది సడలినప్పుడే అందుతుంది. మరి ఎక్కువ కావాలని ధమనులకు కబురు చెప్పేదెవరు?

భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరిన సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. ఏటీపీని జర్మనీలో లోమన్ కొద్ది వారాల ముందే ప్రకటించాడు. పుస్తకాల్లో ఆ పేరే ముందుంటుంది. చిత్రంగా అదే ఏడాది కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్-జ్యోర్జీ గుండె కండరపు సారంలోని అడెనోసిన్ హృద్ధమనులను వెడల్పు చేస్తుందని చూపారు. ఈ రెండు దారులూ కలవడానికి 34 ఏళ్లు పట్టింది. ప్రాణవాయువు చాలనప్పుడు ఏటీపీ విరిగి అడెనోసిన్ అవుతుంది, అదే బయటికి వచ్చి నాళాలను సడలిస్తుంది అని 1963లో అమెరికాలో బెర్న్, జర్మనీలో గెర్లాక్ విడివిడిగా ప్రతిపాదించారు.

ఎంత అందమైన ఊహ! తెలుగువాడిగా ఇక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. కానీ అడెనోసిన్ గ్రాహకాలను మందులతో మూసినా, ఆరోగ్యవంతమైన గుండెలో వ్యాయామ సమయాన ప్రవాహం పెరుగుతూనే ఉందని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. నైట్రిక్ ఆక్సైడ్, పొటాషియం ద్వారాలు, నాడులు, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. అయితే 1983లో నోమా గుండె కణాల్లో కనుగొన్న పొటాషియం ద్వారం ఏటీపీ తగ్గితేనే తెరుచుకుంటుంది. మళ్ళీ ఆ ఏటీపీయే.

పరీక్షలో మేము సిరలోకి ఎక్కించేదీ అడెనోసినే. కెఫీన్ దాని గ్రాహకాల్లో ముందే చేరి కూర్చుంటుంది. నాళాలు వెడల్పు కావు, పరీక్ష తప్పుతుంది.

మర్నాడు పెద్దాయన గహ్వా మానుకుని వచ్చారు. కథంతా విని, "ఆయన మీ ఊరివాడా?" అని అడిగారు. దగ్గరే అన్నాను.