షాతోనెఫ్ దు పాప్ (వైను)

షాతోనెఫ్ దు పాప్ ఫ్రాన్సు ఆగ్నేయ భాగములో, రోన్ నదీలోయ దక్షిణ ప్రాంతమున తయారయ్యే ఒక ఎర్ర వైను. ఇది పలు రకముల ద్రాక్షల మిశ్రమము. ఆవిన్యోన్, ఒరాంజ్ పట్టణముల మధ్యనున్న ఒక గ్రామము పేరే దీనికీ వచ్చినది. ఫ్రెంచి భాషలో ఈ మాటకు "పోపు గారి కొత్త కోట" అని అర్థము. ఇక్కడ కొద్దిగా తెల్ల వైను కూడా తయారవుతుంది కాని, గులాబీ రంగు వైనుకు ఈ పేరు పెట్టుటను చట్టము అనుమతించదు.

చరిత్ర

1309లో పోపు ఐదవ క్లెమెంట్ తన నివాసమును ఆవిన్యోనుకు మార్చుకున్నాడు. తరువాతి పోపు ఇరవై రెండవ జాన్ (1316–1334) ఈ గ్రామపు గుట్టపై కోట కట్టించి, ద్రాక్షసాగును ప్రోత్సహించాడు. 1944 ఆగస్టులో జర్మను సైనికులు ఆ కోటను పేల్చివేయగా, బురుజులో సగము మాత్రమే మిగిలినది. గ్రామమునకు ప్రస్తుత నామము 1893లో వచ్చినది. అంతకు పూర్వము, దగ్గరలోని సున్నపురాతి గనుల వలన, దానిని షాతోనెఫ్ కల్సెర్నియే అనేవారు.

పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధములో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్ళను ఆశించి ఇక్కడి తోటలను నాశనము చేసినది. అమెరికా జాతి తీగల వేళ్ళపై అంటు కట్టి రైతులు తోటలను మరల నిలబెట్టారు. అప్పటికీ ఇక్కడి వైనులో చాలా భాగము పీపాలలో బర్గండీకి పోయి, అక్కడి పలుచని వైనులకు బలమిచ్చుటకు ఉపయోగపడేది. మరొక వైపు, ఎక్కడో తయారైన నాసిరకము సరుకును వ్యాపారులు ఈ ఊరి పేరుతో అమ్మేవారు.

ఈ మోసమును అరికట్టుటకు 1923లో రైతులు, న్యాయశాస్త్రము చదివిన బారన్ పియెర్ ల రువా నాయకత్వమున ఏకమైనారు. లావెండరు, థైము మొక్కలు పెరిగే బీడు నేలలోనే ఈ ద్రాక్ష పండించవలెనని ఆయన పెట్టిన నియమము ప్రసిద్ధము. సారవంతమైన నేలలో కాపు ఎక్కువై రసము పలుచబడుతుందని దాని ఆంతర్యము. 1936లో ఫ్రాన్సు ప్రభుత్వము చట్టరక్షణ కల్పించిన తొలి వైను పేర్లలో ఇది ఒకటి.

ద్రాక్షలు, నేల

నియమముల ప్రకారము 13 రకములు వాడవచ్చును: గ్రెనాష్, సీరా, మూర్వెద్ర్, సెన్సో, కూన్వాజ్, ముస్కార్దెన్, వకరేజ్, తెర్రే న్వార్, క్లెరెత్, రూసాన్, బుర్బులెంక్, పిక్పూల్, పికార్దాన్. రంగు భేదములను విడిగా లెక్కిస్తే ఇవి 18. అన్నిటినీ కలిపేవారు అరుదు. సాధారణముగా గ్రెనాష్‌దే పెద్ద వాటా. సీరా రంగును, మూర్వెద్ర్ వగరును, పట్టును ఇస్తాయి. యంత్రములతో కోత నిషిద్ధము.

సుమారు 3,200 హెక్టార్ల ఈ ప్రాంతము అనగానే, తీగల కింద పరచినట్లుండే గుండ్రని గులకరాళ్ళు గుర్తుకు వస్తాయి. పగటి ఎండను దాచుకొని రాత్రి వేడినిస్తాయని వాటికి పేరు. అయితే అన్ని తోటలూ ఇట్లుండవు. మిక్కిలి పేరుగాంచిన షాతో రయాస్ తోటది ఇసుక నేల. అక్కడి ఎర్ర వైనుకు గ్రెనాష్ ఒక్కటే చాలు. మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి తేమను ఆర్చి తీగలకు తెగుళ్ళు తగ్గిస్తుంది.

రుచి, ఆహారము

లేత వైనులో స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ పండ్లు, మిరియాలు, ఎండుమూలికల వాసనలు తోస్తాయి. ఏళ్ళు గడిచినకొద్దీ తోలు, అత్తిపండు ఛాయలు వస్తాయి. గొర్రె మాంసపు వేపుడు, వైనులో నిదానముగా ఉడికించిన ఎద్దు మాంసము, అడవి జంతువుల మాంసము దీనికి తగిన జోడు. మిరపకారము ఎక్కువైన వంటలకు ఇది నప్పదు. ఇందలి ఆల్కహాలు మంటను మరింత పెంచుతుంది.

వేడెక్కుతున్న వాతావరణము

ఆల్కహాలు కనీసము 12.5 శాతము ఉండవలెనని నియమము. ఒకప్పుడు ఇది నాణ్యతకు హామీ. నేడు చిక్కు తారుమారైనది. వేసవులు తీవ్రమై గ్రెనాష్‌లో చక్కెర పెరుగుతున్నందున, 15 శాతము దాటే సీసాలు సామాన్యమైనవి. కోతలు పూర్వముకంటె ముందే జరుగుతున్నాయి. అందుచేత బలము తక్కువైన సెన్సో, కూన్వాజ్ వంటి, ఒకప్పుడు చిన్నచూపు చూసిన రకములవైపు కొందరు రైతులు మరలుతున్నారు.

విశేషము

1954లో ఎగిరే పళ్ళెములు ఈ గ్రామముపై ఎగరరాదని, దిగినచో వాటిని బందెలదొడ్డిలో పెట్టవలెనని మేయరు ఉత్తర్వు జారీ చేశాడు. అది ప్రచారము కొరకేనన్నది బహిరంగ రహస్యము. 2016లో నాటి మేయరు కూడా దానిని రద్దు చేయుటకు నిరాకరించాడు.