గ్యాస్ బావులు, మన ఊళ్లు: బెంచీలు వేరు, బాధ్యత వేరు

కొంచెం పెద్ద పోస్టు ఇది. దింపు పనులయ్యాక తీరిగ్గా చదవండి.

మొన్న రచ్చబండ దగ్గర ఒక కుర్రాడు అడిగాడు. "బాబాయ్, గ్యాస్ కంపెనీ వాళ్లు మన బడికి బెంచీలు ఇచ్చారు, మంచినీళ్ల ప్లాంటు పెట్టారు. ఇంకా మనోళ్లు గొణుగుతారేంటి?" అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, వాడి తప్పేమీ లేదనిపించింది. వాడు పుట్టేసరికే పాశర్లపూడి పాత కథ అయిపోయింది. ఆ కథ తెలియకపోతే బెంచీ ఒక్కటే కనిపిస్తుంది. అందుకే మొదట్నుంచీ చెబుతాను.

మన గోదావరి డెల్టాలో చమురు, గ్యాస్ కోసం ఓఎన్‌జీసీ వెతకడం చాలాకాలం కిందటే మొదలైంది. 1970ల చివర్లో నరసాపురం దగ్గర లోతైన బావి తవ్వారు. 80ల్లో రాజోలు, తాటిపాక, పాశర్లపూడి వైపు గ్యాస్ బయటపడింది. వరి చేల మధ్య, కొబ్బరి తోటల పక్కన రిగ్గులు లేచాయి. 1984లో గెయిల్ సంస్థ పుట్టింది. బావి దగ్గర తీసిన గ్యాస్‌ని పైపుల్లో ఫ్యాక్టరీలకి చేర్చడం దాని పని. ఆ గ్యాస్‌తోనే విజ్జేశ్వరంలో కరెంటు తయారైంది. 1992లో కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారం నడక మొదలెట్టింది. గ్యాస్‌లోని హైడ్రోజన్‌ని గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తారు, దాన్నుంచే యూరియా. అంటే మన చేను కింది గ్యాసే బస్తాలో కట్టుకుని తిరిగి మన చేలోకి వచ్చింది. కాబట్టి గ్యాస్ మనకి ఏమీ చెయ్యలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ రెండో పక్క కూడా చూడాలి.

1995 జనవరి 8. సంక్రాంతికి వారం కూడా లేదు. పాశర్లపూడి దగ్గర దేవర్లంకలో తవ్వుతున్న బావి అదుపు తప్పింది. లోపలి ఒత్తిడికి గ్యాస్ ఎగదన్ని నిప్పంటుకుంది. అప్పటిదాకా ఇంజనీర్ల మాటగా ఉన్న బ్లోఅవుట్ ఆ రోజు నుంచి మన ఇళ్లల్లో మాట అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. పిల్లాజెల్లా, గొడ్డూగోదా పట్టుకుని జనం కదిలారు. ఆ మంట వెలుగుకి రాత్రులు పగళ్లయ్యాయి. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. ఆర్పడానికి విదేశాల నుంచి నిపుణుల్ని పిలిపించాల్సి వచ్చింది. మార్చి 15కి గానీ ఆరలేదు. మొత్తం రెండు నెలలకి పైనే. దేశంలో అంతకాలం మండిన బావి అరుదు.

అది ఆరాక మిగిలిన ప్రశ్న ఒకటుంది. బావి తవ్వేముందు, ఇది అదుపు తప్పితే ఎటు పరుగెత్తాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అని చుట్టూ ఉన్న రైతుకి ఎవరన్నా కూర్చోబెట్టి చెప్పారా? ఆ ప్రశ్నకి మనం గట్టిగా జవాబు రాబట్టుకోలేదు.

పంతొమ్మిదేళ్లు గడిచాయి. 2014 జూన్ 27, తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామం. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే 18 అంగుళాల గెయిల్ పైపులైను నుంచి గ్యాస్ లీకై ఊరి మీద పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలింది, అంతే. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోయారు. బయటికి పరుగెత్తినవాళ్లు మంటల్లోకే పరుగెత్తారు. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, హోటళ్లు, కొబ్బరి తోటలు బూడిదయ్యాయి.

తర్వాత విచారణలో తేలింది ఇదీ: ఆ గొట్టం పొడి గ్యాస్ కోసం వేసింది. అందులో నీటి తేమతో ఉన్న గ్యాస్ పంపారు. నీరు లోపల నిలిచి, గొట్టాన్ని లోపలి నుంచే తినేసింది. ఆ లైన్లో లీకులవుతున్నాయని, వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అప్పుడు పత్రికలవాళ్ల ముందు మొత్తుకున్నారు. చనిపోయిన ఒక్కొక్కరికి గెయిల్ 20 లక్షలు, రాష్ట్రం 3 లక్షలు, కేంద్రం 2 లక్షలు ప్రకటించాయి. డబ్బు ఇచ్చారు, కాదనను. కానీ వాసన వస్తోందన్న మాటకి వారం ముందు విలువ ఇచ్చుంటే ఆ డబ్బు అవసరమే ఉండేది కాదు.

ఇక్కడ ఒక తేదీ గమనించండి. కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలన్న నిబంధన (జనం సీఎస్ఆర్ అంటారు) అమల్లోకి వచ్చింది 2014 ఏప్రిల్ 1న. నగరం కాలింది మూడు నెలలు తిరక్కుండానే. తాము పనిచేసే ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది. మన బడి బెంచీలు, నీళ్ల ప్లాంట్లు, మెడికల్ క్యాంపులు ఈ పద్దులో వచ్చేవే. అది దానం కాదు, చట్టం. తీసుకోవడంలో నామోషీ లేదు. అయితే ఆ పద్దు వేరు, మన ప్రాణాల పద్దు వేరు, మన భూమి పద్దు వేరు. ఈ మూడింటినీ కలిపేస్తేనే మనం మోసపోతాం.

భూమి సంగతి చూద్దాం. పైపులైను కోసం మన భూమి కొనరు. 1962 నాటి చట్టం కింద వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. పట్టా మన పేరునే ఉంటుంది. వరి వేసుకోవచ్చు. కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పంటకీ చెట్లకీ జరిగిన నష్టం ఇస్తారు, దానిపైన భూమి మార్కెట్ విలువలో 10 శాతం. వరి రైతుకి ఇది ఎలాగోలా సరిపోవచ్చు. కొబ్బరి రైతు సంగతేంటి? చెట్టు కాపుకి రావడానికే ఆరేడేళ్లు, తర్వాత యాభై అరవై ఏళ్ల ఫలసాయం. ఆ పట్టీలో మళ్లీ మొక్క పెట్టే వీలే లేదు. ఇది లెక్కలోకి రావాలంటే మనం లెక్క కట్టి అడగాలి. నోటిఫికేషన్ ప్రతులు జనానికి అందుబాటులో పెట్టిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. ఇచ్చిన పరిహారం చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. ఈ 21 రోజులు చాలామందికి తెలియకుండానే గడిచిపోతాయి.

ఇది మన ఒక్కరి బాధే కాదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అని ఒక వ్యవసాయ ప్రాంతం. 1959లో అక్కడి పొలాల కింద యూరప్‌లోకెల్లా పెద్ద గ్యాస్ నిల్వ దొరికింది. దేశం బాగుపడింది. కొన్నాళ్లకి గ్యాస్ తీసినచోట నేల కుంగి చిన్న చిన్న భూకంపాలు మొదలయ్యాయి. 2012లో హౌజింగె ఊరి దగ్గర 3.6 తీవ్రతతో వచ్చింది. ఇళ్లు, కొట్టాలు బీటలు వారాయి. ఆ బీటలు గ్యాస్ వల్లే అని నిరూపించుకోవాల్సిన భారం మొదట్లో ఇంటివాడిదే. జనం వదల్లేదు. చివరికి చట్టం తిరగబడింది: గ్యాస్ వల్ల కాదని కంపెనీయే చూపించాలి. అక్కడి ప్రజల మేలు పట్టించుకోలేదని 2023లో పార్లమెంటు విచారణే తేల్చింది. అదే ఏడాది అక్టోబరు 1న ఉత్పత్తి ఆపేశారు. వాళ్లకి కూడా కంపెనీ బహుమతులు అంది ఉంటాయి. గెలిపించింది మాత్రం రాసిపెట్టుకున్న ఫిర్యాదులు.

అందుకే నా మనవి. లీకు అనుమానం వస్తే నోటిమాటతో వదలొద్దు. కాగితం మీద రాసి, ఒక నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. వంటగ్యాస్‌కి వాసన కలుపుతారు గానీ పెద్ద పైపులైన్లలో గ్యాస్‌కి చాలాచోట్ల కలపరు. వాసన లేదంటే లీకు లేదని కాదు. బోదెలో, చేలో నీళ్లు బుడగలు కట్టినా, పైరు ఒకచోటే పచ్చబడి ఎండినా, బుస్సుమని శబ్దం వచ్చినా అనుమానించండి. బీడీ ముట్టించొద్దు, మోటారు స్విచ్ వెయ్యొద్దు, బండి స్టార్ట్ చెయ్యొద్దు. గాలికి ఎదురుగా దూరం నడిచి, పైపులైను రాయి మీద ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యండి. ఆ నంబరు ఈ రోజే ఫోన్లో ఎక్కించుకోండి. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ఊరివాళ్లతో కలిసి మాక్ డ్రిల్ చెయ్యమని గ్రామసభలో అడగండి.

ఆ కుర్రాడికి రేపు చెబుతాను. బెంచీ మీద కూర్చో నాయనా, తప్పులేదు. కానీ పక్కనే పోతున్న గొట్టంలో ఏముందో, ఎప్పుడు వేశారో, చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అడుగు. నిజంగా మనతో కలిసి నడిచే కంపెనీ అయితే ఆ మూడింటికీ మొహం చాటెయ్యకుండా జవాబు చెబుతుంది.

ఉంటాను. మీ ఊళ్లో పైపులైను పోతుంటే ఇది ఇంట్లో ఆడవాళ్లకీ, పిల్లలకీ కూడా చదివి వినిపించండి. నగరంలో ఆ తెల్లవారుజామున ఇళ్లల్లో ఉన్నది వాళ్లే.