ఆస్కార్ కంటే ముందు నలభై రెండో వీధి

2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చాక మన దగ్గర ఒక కథ స్థిరపడిపోయింది. హాలీవుడ్ పెద్దలు తెలుగు సినిమాను గుర్తించారనీ, ఆ తర్వాతే అమెరికన్లు మనవైపు చూశారనీ. జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు చూసింది అర్ధరాత్రి ఆటలకు ఎగబడే ప్రేక్షకులు. వాళ్ళు ఈలలు వేసి, వేదికెక్కి గంతులు వేసి నెలలు గడిచాక పెద్దలు వచ్చారు, అదీ ఒక్క పాట దగ్గరికే. ఆ ఏడాది భారత్ తరఫున అధికారికంగా వెళ్ళిన సినిమా ‘ఆర్ఆర్ఆర్’ కాదు, గుజరాతీ ‘ఛెల్లో షో’ అన్న సంగతి మన సంబరంలో ఎవరికీ గుర్తులేదు. అమెరికాలో ఆసియా సినిమాకు నిజమైన జనాదరణ దొరికిన దారి దొడ్డిదారే. దాన్ని వేసింది అవార్డు కమిటీలు కాదు, చవక హాళ్ళూ చిన్న డిస్ట్రిబ్యూటర్లూ వలస వచ్చిన జనమూ.

సింహద్వారం లేకపోలేదు. 1951లో కురసావా ‘రషోమాన్’ న్యూయార్క్‌లో ఆడింది, అకాడమీ గౌరవమూ దక్కింది. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ని ప్రపంచంలో మొట్టమొదట ప్రదర్శించింది 1955లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లోనే. ఆ గౌరవాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ ద్వారం గుండా ఒక దర్శకుడు వెళ్ళగలిగాడు తప్ప, ఆయన వెనక ఒక పరిశ్రమ వెళ్ళలేదు. రాయ్‌ని చూసినవాళ్ళు ఇంకో రాయ్ కోసం వెతికారు. భారతీయ సినిమా అంటే పేదరికం, మౌనం, పల్లెటూరు అని ఒక లెక్క వేసుకున్నారు. ‘పథేర్ పాంచాలి’కి రెండేళ్ళ తర్వాత వచ్చిన ‘మాయాబజార్’కు ఆ లెక్కలో చోటే లేదు.

దొడ్డిదారి తెరుచుకున్నది 1973లో. హాంకాంగ్ షా బ్రదర్స్ తీసిన ‘కింగ్ బాక్సర్’ను వార్నర్ బ్రదర్స్ ఇంగ్లీషులో డబ్ చేసి, ‘ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్’ అని పేరు మార్చి ఆ మార్చిలో వదిలింది. హీరో లో లియే. దర్శకుడు చాంగ్ చాంగ్‌హ్వా కొరియావాడు. హీరోకి కోపం వస్తే అరచేతులు ఎర్రగా నిప్పుకణికల్లా మెరుస్తాయి, వెనక సైరన్ మోగుతుంది. ఆ సైరన్ కూడా ఒక అమెరికన్ టీవీ సీరియల్ సంగీతం నుంచి లేపుకొచ్చిందే. ఆ మే నెలలో ఒక వారం వెరైటీ పత్రిక వసూళ్ళ పట్టికలో మొదటి మూడు స్థానాలూ హాంకాంగ్ సినిమాలవే. జులైలో బ్రూస్ లీ చనిపోయాడు, ఆగస్టులో ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదలైంది. ఆ ఏడాది పెద్ద స్టూడియోకు అది ఒక సీజన్ వ్యాపారం. ఊపు తగ్గగానే స్టూడియోలు తప్పుకున్నాయి. చేయి వదలనిది న్యూయార్క్ నలభై రెండో వీధి.

మన ట్రేడ్ భాషలో చెప్పాలంటే ఆ వీధి మహానగరం నడిబొడ్డున కూర్చున్న సి సెంటర్. ఒక టికెట్టుకు రెండు మూడు సినిమాలు, పొద్దున్నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఎడతెగని ఆటలు. పెదవులొకటి పలికితే మాట ఇంకొకటి వినిపించే డబ్బింగు. తెరతో ఎదురు మాట్లాడే జనం. వాళ్ళలో నల్లజాతి, ప్యూర్టోరికో కుర్రాళ్ళు ఎక్కువ. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, చైనాటౌన్ హాళ్ళలో, అవే సినిమాలు అసలు భాషలో చైనా కుటుంబాలకు ఆడేవి. ఒకే సినిమాకు ఒకే ఊళ్ళో ఇద్దరు ప్రేక్షకులు, ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఈ రెండు లోకాల మధ్య ప్రింటు మోసినవాళ్ళే ఈ చరిత్రలో అసలు పాత్రధారులని నా అభిప్రాయం. వరల్డ్ నార్తల్ అనే చిన్న కంపెనీ షా బ్రదర్స్ సినిమాల్ని ముందు హాళ్ళకూ, తర్వాత టీవీకీ అమ్మింది. 1980లలో న్యూయార్క్ ఐదో నంబరు ఛానల్లో శనివారం పూట అవి చూస్తూ పెరిగిన కుర్రాళ్ళే ఉటాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం అయ్యారు. 1993లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ పేరులోని ‘36 ఛాంబర్స్’ 1978 నాటి షావోలిన్ సినిమాది.

ఇదంతా మెచ్చుకోలు కాదు, ఎగతాళి అనేవాళ్ళున్నారు. డబ్బింగుకు నవ్వడానికీ, అతిని చూసి వినోదించడానికీ వెళ్ళారు తప్ప కళకు కాదని వాదన. నవ్వినవాళ్ళు ఉన్నారు, కాదనలేం. అయితే ఎగతాళి చేసేవాడు ఆ పనివాణ్ణి పిలిపించి జీతమిచ్చి తన సినిమా చేయించుకోడు. 1999లో ‘మాట్రిక్స్’ తీసినవాళ్ళు పోరాటాల దర్శకుడు యూన్ వూపింగ్‌ను హాంకాంగ్ నుంచి రప్పించి హీరోలకు నెలల తరబడి శిక్షణ ఇప్పించారు. టరాంటినో ‘కిల్ బిల్’కు అదే యూన్ వూపింగ్‌నూ, ‘36 ఛాంబర్స్’ హీరో గోర్డన్ లియూనూ తెచ్చుకున్నాడు, ‘కింగ్ బాక్సర్’లోని ఆ సైరన్‌తో సహా. నవ్వులాటలో ఇంత గుర్తుపెట్టుకోవడం ఉండదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేయొచ్చు. హాంకాంగ్ దర్శకుడు జాన్ వూ తుపాకీ సినిమాలు వీడియో క్యాసెట్లలో చేతులు మారాయి. జాకీచాన్ 1996లో ‘రంబుల్ ఇన్ ది బ్రాంక్స్’తో అమెరికా అంతటా ఆడాడు. 2000లో న్యూయార్క్ చైనాటౌన్‌లోని మ్యూజిక్ ప్యాలెస్ హాలు మూతపడింది. ఆ రోజుల్లోనే కొందరు అభిమానులు సబ్‌వే సినిమా అనే బృందం కట్టి, 2002లో న్యూయార్క్ ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్ మొదలుపెట్టారు. ఆస్టిన్‌లో 2005లో ఫెంటాస్టిక్ ఫెస్ట్ వచ్చింది. దయ్యాలు, కత్తియుద్ధాలు, రక్తపాతం అని చిన్నచూపు చూసే సినిమాల్ని భక్తిగా చూసే హాళ్ళు ఊరూరా వెలిశాయి.

ఇదే కాలంలో తెలుగువాళ్ళు అమెరికాలో సమాంతరంగా తమ చైనాటౌన్ కట్టుకున్నారు. న్యూజెర్సీ, డాలస్, బే ఏరియా మల్టీప్లెక్సుల్లో విడుదలకు ముందురోజే ప్రీమియర్లు, చిరిగిన కాగితాల వాన, ఆట అయ్యాక చీపుర్లతో దిగే సిబ్బంది. 2017లో ‘బాహుబలి 2’ ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు దాటింది. ఆ హాళ్ళలో భారతీయులు కానివాళ్ళు ఎందరు? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ విడుదలైనప్పుడూ వసూళ్ళు మనవాళ్ళవే. గోడ కూలింది జూన్ 1న. వేరియన్స్ ఫిల్మ్స్ నడిపే డిలన్ మార్కెట్టీ, దక్షిణాది సినిమాల మీద ఏళ్ళుగా రాస్తున్న జోష్ హర్టాడో పూనుకుని, దాదాపు వంద హాళ్ళలో ఒక్క రాత్రి మళ్ళీ ఆడించారు. ఈసారి పిలిచింది తెలుగువాళ్ళను కాదు, యాక్షన్ సినిమా పిచ్చివాళ్ళను. సుమారు నలభై నిమిషాలయ్యాక టైటిల్ పడితే, భీమ్ లారీలోంచి పులుల్నీ జింకల్నీ తోటలోకి వదిలితే, ఇంటర్వెల్ అక్షరాల్లోనూ మూడు ఆర్‌లు కనబడితే, మనకు మామూలైపోయిన ప్రతిదానికీ హాలు లేచి నిలబడింది. సెప్టెంబర్ 30న హాలీవుడ్ చైనీస్ థియేటర్లో బియాండ్ ఫెస్ట్ అనే చిత్రోత్సవం వాళ్ళు వేసినప్పుడు జనం తెరముందుకు ఉరికి ‘నాటు నాటు’ ఆడారు. న్యూయార్క్ విమర్శకుల సంఘం రాజమౌళిని ఉత్తమ దర్శకుడన్నది ఆ తర్వాత, డిసెంబర్లో. తారీఖుల వరసే నా వాదనకు సాక్ష్యం.

నెట్‌ఫ్లిక్స్ సంగతేమిటని అడుగుతారు. మే 20 నుంచి హిందీ డబ్బింగు అందులో ఉంది, లక్షలమంది చూశారు, దాని పాత్ర పెద్దదే. కానీ అదే గూట్లో ఎన్నో భారతీయ సినిమాలున్నాయి, వాటికి ఈ యోగం పట్టలేదు. పైగా ఇంట్లో దొరికే సినిమాకు చైనీస్ థియేటర్‌లోని తొమ్మిది వందల పైచిలుకు సీట్లు 2023 జనవరిలో రెండు నిమిషాలు తిరక్కుండానే అయిపోయాయి. అది అందరూ కూడి కేకలు వేసే హాలు కోసం పుట్టిన కోరిక.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆ హాళ్ళకు 1924లో కాల్చి చంపబడ్డ అల్లూరి సీతారామరాజు తెలియదు, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీమ్ తెలియదు. ఇద్దరూ ఎన్నడూ కలవలేదనీ, భీమ్ పోరు నిజాం మీదనీ తెలియదు. శైలిని మెచ్చి చరిత్రను వదిలేశారన్నది నిజం. అయితే ఆ చరిత్రను ముందు వదిలేసింది సినిమాయే; ఆ తప్పు ప్రేక్షకుడి మీద వేయలేం. నలభై రెండో వీధి కుర్రాళ్ళకు మింగ్, చింగ్ వంశాల గొడవ తెలియదు, అయినా పెత్తందారును ఎదిరించే బక్కవాడు వాళ్ళకు అర్థమయ్యాడు. పోయినదాని బదులు ఇంకేదో దక్కింది.

బియాండ్ ఫెస్ట్ 2022 శరత్కాలంలో ‘ఆర్ఆర్ఆర్’తో ఆగలేదు, ‘ఈగ’, ‘మగధీర’ కూడా వేసింది. అంటే ఆకలి ఒక్క సినిమాతో తీరేది కాదు. ‘మాయాబజార్’ ఉంది, విఠలాచార్య జానపదాలున్నాయి, 1971 నాటి కౌబాయ్ ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఉంది. అమెరికాలోని మన సంఘాలు మహాసభలకు తారల్ని రప్పించే ఖర్చులో కొంత తీసి వీటిలో ఒక్కదానికి మంచి ప్రింటు, శ్రద్ధగా రాసిన సబ్‌టైటిళ్ళు చేయించి, ఆస్టిన్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో ఒక అర్ధరాత్రి ఆట వేయించాలి. హాళ్ళున్నాయి, చూసేవాళ్ళూ ఉన్నారు; ప్రింటు మోసేవాళ్ళే కావాలి.