చందైనీ గోందా
చందైనీ గోందా: ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గాన, నృత్య, నాటక బృందం. పేరు ఒక బంతిపువ్వు రకానిది. దుర్గ్ సమీపంలోని బఘేరా గ్రామంలో రామచంద్ర దేశ్‌ముఖ్ దీన్ని స్థాపించగా, తొలి ప్రదర్శన 1971 నవంబరు 7న జరిగింది. ఇతివృత్తం రైతు జీవితం. అంతకుముందు ‘నాచా’ అనే అక్కడి జానపద నాటకంలో మగవాళ్లే ఆడవేషాలు కట్టేవారు, ఇక్కడ స్త్రీలే పాడారు, ఆడారు. నాచాలో ఆరితేరిన హార్మోనియం విద్వాంసుడు ఖుమాన్‌లాల్ సావ్ బాణీలు కట్టారు. బిలాస్‌పూర్ జిల్లాలోని మస్తూరీకి చెందిన కవి లక్ష్మణ్ మస్తూరియా పాటలు రాసి, స్వయంగా పాడారు. ఆయన పాట ‘మోర్ సంగ్ చలవ్ రే’ రాయ్‌పూర్ ఆకాశవాణి ద్వారా ఊరూరా చేరింది. నాటకం కంటే పాటలకే ఆయుష్షు ఎక్కువ. 1980ల్లో దేశ్‌ముఖ్ ‘కారీ’ నాటకం వైపు మళ్లగా, సావ్ ‘చందైనీ గోందా’ పేరుతోనే ప్రదర్శనలు కొనసాగించారు.