రాజమండ్రి రాగానే లేపండి బాబూ!

మధ్యాహ్నం పనులయ్యాక ఫోను తీసి వేలితో పైకి తోస్తూ కూర్చుంటాం. బొమ్మ తరువాత బొమ్మ, కబురు తరువాత కబురు. అడుగన్నది రాదు. మనం ఎంతదాకా వచ్చామో ఆ పేజీకి ఎవరు చెబుతున్నట్టు?

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో జావాస్క్రిప్ట్ భాషకు తొలిరూపం అల్లేశాడు. అచ్చుకాగితంలా పడి ఉండే వెబ్ పేజీకి క్రమంగా చెవులొచ్చాయి. పేజీ జరిగినప్పుడల్లా "జరిగింది, జరిగింది" అని బ్రౌజరు దానికి కబురు పెడుతుంది. చిక్కల్లా ఆ కబుర్లు సెకనుకు పదులకొద్దీ రావడం. రైల్లో కిటికీ పక్కన పిల్లవాడు చక్రం తిరిగినప్పుడల్లా "ఊరొచ్చిందా అమ్మా?" అంటే ఆ తల్లి గతేమిటి చెప్పండి!

2011 మొదట్లో ట్విట్టర్‌కు ఆ గతే పట్టింది. కబురొచ్చిన ప్రతిసారీ పనికి దిగబోయి పేజీ నత్తనడక పట్టింది. జేక్వెరీ కర్తగా పేరుపొందిన జాన్ రెసిగ్ ఆ జనవరిలో చెప్పిన ఉపాయం అచ్చం ఇల్లాలి ఉపాయమే. కబురు రాగానే పరుగెత్తొద్దు, వచ్చినట్టు ఒక గుర్తు పెట్టుకోండి చాలు. పావు సెకనుకోసారి చూసి, గుర్తుంటేనే పని చెయ్యండి అన్నాడు. పాలవాడి లెక్క గోడమీద గీతలు గీసుకుని, తీరిగ్గా కూడుకోవడంలాంటిదే!

ఆ రోజుల్లోనే వేపాయింట్స్ వంటి చిట్టి లైబ్రరీలు వచ్చాయి. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదులెండి. ఒకరు రాసిపెడితే పదిమందీ వాడుకునే ప్రోగ్రాము, పిన్నిగారి ఆవకాయ కొలతల్లాగా. "రాజమండ్రి రాగానే లేపండి బాబూ" అని ఎదుటి బెర్తు ఆయనకు చెప్పి పడుకుంటామే, ఆ ఎదుటి బెర్తు ఆయనే ఈ లైబ్రరీ. ఫలానా బొమ్మ తెరమీదికి రాగానే పేజీని తట్టి లేపుతుంది. 2016లో గూగుల్ వారి క్రోమ్, 2019లో ఆపిల్ వారి సఫారీ ఆ పని తామే నెత్తిన వేసుకున్నాయి. చిట్టి లైబ్రరీల అక్కర తగ్గిపోయింది.

లేపడంలో మేలు లేకపోలేదు. కంటిముందుకు రాబోయే బొమ్మనే తెప్పిస్తే మన డేటా మిగులుతుంది. ప్రకటన మన కళ్ళబడిందో లేదో లెక్కకట్టడానికీ ఇదే సాధనం. అది మాత్రం నాకు గిట్టదు.

అసలు కథ ఇంకోటుంది. అడుగుకు చేరబోతున్నామని తెలియగానే కిందను మరికొంత అతికించే పద్ధతి 2006లో ఏజా రాస్కిన్ తెచ్చాడు. 1979లో ఆపిల్‌లో మాకింటోష్ పథకానికి నాంది పలికిన జెఫ్ రాస్కిన్ కొడుకే ఈయన. మాటిమాటికీ "తరువాతి పేజీ" నొక్కే శ్రమ తప్పిద్దామనుకున్నాడు, పాపం.

సీరియల్ రాసేదాన్ని కనుక "సశేషం" అనే మాట విలువ నాకు తెలుసు. ఆ మాట దగ్గర పాఠకురాలు ఉసూరుమంటూ పత్రిక మూసి, లేచి తన పని చూసుకుంటుంది. రాస్కిన్ చెరిపేసింది ఆ మాటనే. జనం కాలాన్ని అది మింగేస్తున్న తీరు చూసి తరువాత ఆయనే బహిరంగంగా నొచ్చుకున్నాడు. 2018లో ట్రిస్టన్ హారిస్ తదితరులతో కలిసి, యంత్రాలు మనిషి మేలు చూడాలంటూ సెంటర్ ఫర్ హ్యూమేన్ టెక్నాలజీ అనే సంస్థ పెట్టాడు.