నోటిలెక్క – మరలెక్క



మన నరసరావుపేట బజారులో కిలో 48 రూపాయల చిక్కుడుకాయలు ముప్పావు కిలో తూయించుకున్నామనుకోండి. కూరలమ్మే ఆవిడ కాగితం తీయదు. సగానికి 24, అందులో సగం 12, వెరసి 36 అంటుంది. మన అబ్బాయి ఫోను తీసి మీటలు నొక్కేలోపు చిల్లర మన చేతిలో పడుతుంది.

ఈ సగాల లెక్క అణాల కాలంలో బాగా అలవాటైనది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. సగం చేస్తూ పోతే 8, 4, 2, 1. ఎక్కడా చిక్కు రాదు. అందుకే మన పెద్దలు అర, పావు, వీసం అంటూ వల్లించారు.

ఈ నోటిలెక్కకు పేరు తెచ్చిన మహానుభావులు లక్కోజు సంజీవరాయశర్మగారు. కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్కగారు ఇంట్లో పాఠాలు పైకి చదువుతుంటే విని గుర్తు పెట్టుకున్నారు. ఊరూరా గణితావధానాలు చేశారు. 

ఒక అవధానంలో ఆయన్ని 103 రెళ్లు వరసగా హెచ్చవేస్తే ఎంత అని అడిగారు. జవాబు 32 అంకెలు! పది రెళ్లు 1024. అలాంటివి పది హెచ్చవేసి, మిగిలిన మూడు రెళ్లకు మళ్లీ 8తో హెచ్చవేయాలి. అంకె జారకుండా మనసులో పట్టి ఉంచడమే కష్టం. కంప్యూటరుకు తెలిసినవి సున్నా, ఒకటి, రెండే అంకెలు. దాని భాషలో ఒకటి వేసి పక్కన 103 సున్నాలు పెడితే సరి!

1977లో బెంగుళూరు ఆడపడుచు శకుంతలాదేవిగారు అమెరికాలోని డల్లాస్‌లో 201 అంకెల సంఖ్యకు 23వ మూలం 50 సెకన్లలో చెప్పారు. యూనివాక్ యంత్రానికి 62 సెకన్లు పట్టింది. ఇవాళ ఆ పందెం వేస్తే గెలుపు యంత్రానిదే.

మరి నోటిలెక్క ఎందుకంటారా? ఆమధ్య ఒక కొట్లో ముప్పావు కిలో పెసరపప్పుకి 90కి బదులు 900 అచ్చయింది. చీటీలో ఉంది కదా అని డబ్బు తీయబోయాను. మా అత్తగారు ఆపారు. "కిలోయే 120 అయితే ముప్పావుకి అంతెలా అవుతుందే అమ్మాయ్?" అన్నారు.

మర లెక్క కడుతుంది గాని, ఆ ప్రశ్న వేయదు. వేయవలసింది మనమే.

సాయంత్రం పిల్లలచేత ఎక్కాలు పైకి చదివించండి. పొయ్యి దగ్గర నుంచే మనమూ వింటాం, తప్పితే దిద్దుతాం. ఒక అక్కయ్య పైకి చదివితే ఏమయిందో విన్నారుగా!