నిప్పు పైన, నిప్పు క్రింద: కోనసీమ రొట్టె చరిత్ర

ఈనాడు మన ఇళ్ళలో మనవల పుట్టినరోజు వచ్చిందంటే కేకు ఉండవలసిందే. కొందరు కోడళ్ళూ మనవరాళ్ళూ ఇంట్లోనే ఓవెను పెట్టుకుని చక్కగా చేస్తున్నారు కూడా. సంతోషించవలసిన విషయమే. అయితే బేకింగ్ అనే విద్య దొరలతో వచ్చిందనీ, అంతకు ముందు మనవాళ్ళకు ఉడకబెట్టడం, వేయించడం తప్ప మరొకటి తెలియదనీ పిల్లలు అనుకుంటూ ఉంటారు. ఆ మాట సగమే నిజం. మైదా, కేకు, ఇనుప ఓవెను బయటినుండి వచ్చినవే. కాని పిండిని గిన్నెలో దట్టంగా పోసి, పైనా క్రిందా నిప్పు ఉంచి, పైపొర ఎర్రగా లోపల మెత్తగా వచ్చేలా కాల్చడం మన గోదావరి ఇల్లాలికి బాగా తెలిసిన పని. ఆ వంట పేరు దిబ్బరొట్టె. మినపరొట్టె అనీ అంటారు. దాని చరిత్ర నాకు తెలిసినంతలో సభ్యుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కుంపటి మీద కుంపటి

చేసే విధానం మన సభ్యుల ఇళ్ళలో చాలామందికి తెలిసినదే. చిన్నవారి కోసం చెబుతున్నాను. ఒక వంతు మినపప్పుకు రెండు వంతుల బియ్యపు రవ్వ. పప్పు నానబెట్టి, నీళ్ళు ఎక్కువ పోయకుండా, పొంగేలా రుబ్బాలి. రవ్వ కడిగి, నానబెట్టి, పిండి, అందులో కలపాలి. ఉప్పు, జీలకర్ర వేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుట్లో ధారాళంగా నూనె పోసి, కాగాక పిండిని రెండంగుళాల దళసరిగా పోయాలి. క్రింద సన్నని సెగ ఉండాలి. మీద పళ్ళెం మూసి, ఆ పళ్ళెంలో నివురు గప్పిన నిప్పులు పోయాలి. తొందర పనికిరాదు. అరగంట దాటిన తరువాత కమ్మని వాసనే కబురు చెబుతుంది.

పైన నిప్పు ఎందుకు? అంత దళసరి పిండికి క్రింది సెగ ఒక్కటే పెడితే అడుగు మాడుతుంది, పైభాగం పచ్చిగా ఉంటుంది. తిప్పి వేద్దామంటే విరుగుతుంది. ఆ చిక్కును పళ్ళెంలోని నాలుగు నిప్పులు తీర్చేశాయి. ఇప్పటి ఓవెనులో పైన ఒక కడ్డీ, క్రింద ఒక కడ్డీ ఎర్రబడడం చూశారు కదా! సూత్రం అదే.

పొంగే విషయం కూడా గమనించదగినది. గోధుమపిండిలోని గ్లూటెన్ అనే జిగురు గాలి బుడగలను పట్టి ఉంచడం వల్ల బ్రెడ్డు పొంగుతుంది. బియ్యంలో ఆ జిగురు లేదు. మినపప్పులోని జిగట ఆ పని చేస్తుంది. పిండి నానుతుండగా సహజంగా పెరిగే సూక్ష్మజీవులు వాయువును పుట్టిస్తాయి. ఈస్టు కొనకుండా, సోడా వేయకుండా రొట్టె గుల్లగా రావడానికి కారణం ఇదే. ఈ శాస్త్రం పేరు మన పెద్దవాళ్ళకు తెలియదు. పని మాత్రం తెలుసు.

మూడు పంటల కలయిక

ఈ రొట్టెలోని ప్రతి వస్తువూ డెల్టాదే. బియ్యం సంగతి చెప్పనక్కరలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి కోతకు ముందే తడి ఆరని చేలో మినుములు చల్లే అలవాటు ఉంది. వరి కోసేసరికి మొలకలు లేచి ఉంటాయి. మిగిలిన తేమతోనే పంట చేతికి వస్తుంది. ఇక మూడవది కొబ్బరి. తినే కొబ్బరి సంగతి కాదు నేను చెప్పేది, కాల్చే కొబ్బరి. మన ప్రాంతంలో అడవి లేదు, కట్టెలు తక్కువ. కమ్మలు, మట్టలు, డొక్కలు, చిప్పలు ఇవే మన వంటచెరకు. కొబ్బరి చిప్ప బొగ్గు గట్టిది, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. పళ్ళెంలో పోయడానికి అంతకంటె అనువైన నిప్పు లేదు.

కొబ్బరి, వరి కలిసి ఉన్న ఇతర దేశాలను చూసినా ఇదే కనబడుతుంది. ఫిలిప్పీన్స్ దీవులలో క్రిస్మసు రోజులలో బిబింకా అనే బియ్యపుపిండి రొట్టె చేస్తారు. మట్టిపాత్రలో అరటి ఆకు పరచి, పిండి పోసి, పైనా క్రిందా నిప్పులు పెట్టి కాలుస్తారు. మన గోవాలో బెబింకా అనే మిఠాయిని పొర మీద పొర పోస్తూ పైసెగతో కాలుస్తారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారనే వాదన నాకు అవసరంగా తోచదు. గోధుమ లేనిచోట, పెద్ద కొలిమి పెట్టడానికి కట్టెలు చాలని చోట, ఆడవారి బుద్ధి ఒకే దారిన నడిచిందని మాత్రం చెప్పగలను.

అందరి రొట్టె కాదు

చరిత్ర అన్నాక చేదు కూడా చెప్పాలి. 1830ల్లో గోదావరి జిల్లా కరువులతో, తుపానులతో చితికిపోయింది. ఆ పరిస్థితిలోనే సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకు పూనుకున్నారు. 1847లో పని మొదలై 1852 నాటికి పూర్తి అయింది. కాలువలు వచ్చాయి. గన్నవరం దగ్గర వైనతేయ నదిని దాటించి అక్విడక్టు మీదుగా నగరం లంకకు కూడా నీరు చేరింది. డెల్టా అన్నపూర్ణ అయింది. అయినా అన్నపూర్ణ వడ్డన అన్ని విస్తళ్ళలో సమానంగా పడలేదు. భూమి ఉన్న ఇంట్లో ఆదివారం రొట్టె. కూలి గింజల మీద బ్రతికే ఇంట్లో గంజి, తరవాణి. మినపప్పు, అంత నూనె, ఒక పూటంతా రుబ్బుకునే తీరిక వారికెక్కడివి?

అయితే వారికీ కాల్చుకునే వంట ఉంది. తేగలను కుండలో పేర్చి, బోర్లించి, చుట్టూ కమ్మలు వేసి తంపటి పెట్టేవారు. తాటిపండును నిప్పుల మీద కాల్చి పిల్లల చేతికిచ్చేవారు. చిలగడదుంపను పొయ్యి బూడిదలో పూడ్చి కాల్చుకునేవారు. గిన్నె అక్కరలేదు, నూనె అక్కరలేదు. మూత పెట్టి నెమ్మదిగా కాల్చడమనే పద్ధతికి అసలు మూలం ఈ తంపటేనేమో అని నాకనిపిస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో ఈ రెండు దారులూ కలిసేవి. తాటిపండు గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరికోరు కలిపి, పైనా క్రిందా నిప్పుతో తాటిరొట్టె వేసేవారు. మన కోనసీమ కేకు ఏదని ఎవరైనా అడిగితే నేను తాటిరొట్టె అనే చెబుతాను.

పండుగ వంటలలో అధికభాగం నూనెలో వేగేవే. సంక్రాంతికి అరిసెలు, బూరెలు. అట్లతద్దికి పెనం మీద అట్లు. గోదావరికి ఆవల నరసాపురంలో 1836 నుండి మిషనరీలు పనిచేశారు. క్రమంగా మన గ్రామాలలోనూ క్రైస్తవ కుటుంబాలు పెరిగాయి. వారి ఇళ్ళలో కూడా క్రిస్మసుకు అరిసెలు, గులాబీ పువ్వులే ప్రధానం. కేకు బేకరీలు వచ్చిన తరువాతి సంగతి. ఉద్యోగుల ఇళ్ళలో ఈ పండుగల నూనె, బెల్లం ఖర్చుకు ఫెస్టివల్ అడ్వాన్సు ఎంత ఆదుకునేదో సభ్యులకు నేను గుర్తుచేయనక్కరలేదు!

పేరు వచ్చిన రేకు, పేరు రాని రొట్టె

ఆత్రేయపురం పూతరేకు కూడా నిప్పుతో చేసే విద్యే. బోర్లించిన కుండ క్రింద ఎండు కమ్మల మంట. పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఆ కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కంటె పలుచని రేకు వస్తుంది. ఇప్పుడు దానికి జయ బియ్యం శ్రేష్ఠమంటారు. జయ వంగడం విడుదలైంది 1968లో. కాబట్టి అంతకు పూర్వం రేకు తీసినవారు వేరే బియ్యంతో తీశారన్నమాట. సంప్రదాయమని మనం అనుకునేదానిలో కూడా మార్పు ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. తరతరాలుగా మంట ముందు కూర్చున్న స్త్రీల నేర్పుకు ఆ కాగితం ఒక గౌరవం.

దిబ్బరొట్టెకు అటువంటి కాగితం లేదు. కారణం తేలికే. పూతరేకు డబ్బాలో పెట్టి హైదరాబాదుకో అమెరికాకో పంపవచ్చు. రొట్టె వేడిగా ఉన్నప్పుడే తినాలి. ఊరు దాటని వంటకు ఊరు పేరు అంటుకోదు. పాత గెజిటీర్లలో కాలువలు, శిస్తులు, రేవులు కనబడతాయి. అడంగల్‌లో ఏ సర్వే నెంబరులో మినుము వేశారో, ఎన్ని కొబ్బరి చెట్లు ఉన్నాయో ఉంటుంది. ఆ మినుమును తెల్లవారుజామున రోట్లో వేసి ఎవరు రుబ్బారో ఏ కాలమ్‌లోనూ ఉండదు.

బ్రెడ్డు వచ్చింది, నిప్పు వెళ్ళింది

బిస్కట్టు, బ్రెడ్డు మన దేశంలో పాతవే. బ్రిటానియా వారి వ్యాపారం 1892లో కలకత్తాలో మొదలైంది. మన వైపు మాత్రం బ్రెడ్డు చాలాకాలం మందులాంటిది. జ్వరం వస్తేనే బ్రెడ్డు, ఆసుపత్రికి వెళితేనే బ్రెడ్డు. 1965లో కేంద్ర ప్రభుత్వమే మోడర్న్ బేకరీస్ సంస్థను స్థాపించింది. 2000లో దానిని ప్రైవేటు సంస్థకు విక్రయించింది. ఈ మధ్యకాలంలోనే బ్రెడ్డు రోగి మంచం దిగి ఉదయపు పలహారంగా మారింది. బదిలీల మీద కాకినాడ, రాజమండ్రి తిరిగిన ఉద్యోగుల కుటుంబాలు కేకు రుచి ముందుగా చూశాయి. తరువాత కొందరి ఇళ్ళలో గుండ్రటి అల్యూమినియం కరెంటు ఓవెను చేరింది.

అదే కాలంలో కుంపటి చల్లారింది. ముందు కిరసనాయిలు స్టవ్వు, తరువాత గ్యాసు. 1999లో దీపం పథకం ద్వారా మన రాష్ట్రంలో పేద స్త్రీలకు కూడా గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. కొబ్బరి డొక్క పీచు పరిశ్రమకు, చిప్ప బొగ్గు పరిశ్రమకు సరుకైంది. అమ్ముడుపోయేదాన్ని పొయ్యిలో ఎవరు పెడతారు? గ్యాసు మంట క్రిందినుండే వస్తుంది. పైనిప్పు అలా పోయింది. రొట్టె పలుచనైంది, తిప్పి కాల్చడం వచ్చింది.

దీనికి నేను విచారించను. మా అమ్మగారు పొగచూరిన వంటింట్లో గొట్టంతో పొయ్యి ఊదుతూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పదిమంది తినే రొట్టెకు ఆమె పొద్దున్న నాలుగింటికి లేచి రుబ్బేవారు. మాకు పెట్టి, ఆఖరున మిగిలిన అంచు ముక్క తినేవారు. రుచి గొప్పదని చెబుతూ ఆ శ్రమను మరచిపోవడం న్యాయం కాదు. గ్యాసు, గ్రైండరు వచ్చి ఆడవారికి కొంత ఊరట కలిగించాయి. ఆ పొయ్యి తిరిగి రావాలని కోరుకునే హక్కు కూర్చుని తిన్న మనకు లేదు.

కాని పొగ లేకుండా పైనిప్పు మాత్రం తిరిగి వచ్చింది. 2020లో కరోనా లాక్‌డౌను రోజులలో ఎందరో కుక్కరు అడుగున ఇసుకో ఉప్పో పోసి, విజిలు తీసి, కేకులు కాల్చారు. ఓవెను ఉన్న ఇళ్ళు పెరిగాయి. రెండు కడ్డీలూ వెలిగే ఆ ఓవెనులోనే, సుమారు 180 డిగ్రీల వేడిలో, నూనె రాసిన మందపాటి గిన్నెలో మన రొట్టె పిండి పోసి చూడండి. నలభై, నలభైఅయిదు నిమిషాలలో పైపొర ఎర్రబడుతుంది. పెనం మీద తిప్పి కాల్చిన దానికంటె అది పాత కుంపటి రొట్టెకే దగ్గర. పానకంతో తింటే అమృతమే. షుగరు ఉన్న సభ్యులు మాత్రం అల్లప్పచ్చడితో సరిపెట్టుకోవాలని మనవి!

ఇక ఒక్క విన్నపం. మన పెద్దల వంట కొలతలు సోల, తవ్వ, గిద్దలలో ఉండేవి. 1956 చట్టంతో కిలోలు, లీటర్లు వచ్చాయి. పాత కొలతా, కొత్త కొలతా రెండూ చేతిలో ఉన్న తరం మన ఇళ్ళలోని గృహిణులదే, వారికీ డెబ్బై దాటాయి. ఏ వాసనకు మూత తీయాలో, ఎంత నివురు ఉంటే నిప్పు సమంగా ఉన్నట్టో వారికే తెలుసు. ఆ సంగతులు వారిని అడిగి, వారు చెప్పినది చెప్పినట్టు కాగితం మీద పెట్టండి. నోట్ ఫైలు రాయడంలో మనకు అనుభవం ఉన్నదే. చెప్పినవారి పేరు, ఊరు, పుట్టింటి ఊరు, కొలత, తేదీ తప్పక వేయండి. ఒక ప్రతి మనవరాలికి ఇవ్వండి, ఒకటి సంఘం కార్యాలయంలో ఉంచండి. ఈ చరిత్రకు వారి మాటే మొదటి రికార్డు అవుతుంది.